జర్మనీలో వాళ్లింట్లో ఉంటే ఏం తింటాం? నల్గొండ, పాలమూరు పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నుంచి జర్మనీకి పోయే పిల్లల్లో కొందరు భాష నేర్చుకోవడానికో, ఓ పేర్ (ఒక ఇంట్లో ఉంటూ వాళ్ల పిల్లలను చూసుకునే) వీసా మీదో వెళ్లి అక్కడి హోస్ట్ ఫ్యామిలీతో వాళ్లింట్లోనే ఉంటారు. నేను కూడా స్టుట్‌గార్ట్‌కు దక్షిణాన, ష్వాబియా అనే ప్రాంతంలో ఒక ఇంట్లో అట్లాగే ఉన్నాను. వీసా సంగతులు చెప్పేవాళ్లకు కొదవ లేదు. తిండి గురించి అడిగితే మాత్రం "అక్కడ అన్నీ దొరుకుతాయిలే" అని తేల్చేస్తారు. ఇండియన్ షాపులో దొరికేది వేరు, మీరుండే ఇంట్లో మంగళవారం రాత్రి బల్ల మీద ఉండేది వేరు. ఇక్కడున్నవన్నీ ఆ రెండోదాని మీద పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ నన్ను అడిగినవి.

అక్కా, అక్కడ రోజూ బ్రెడ్డేనట. జ్వరమొస్తే తినేది రోజూ ఎట్లా తినాలి?

జ్వరమొచ్చినప్పుడు కిరాణా కొట్టులో కొని పాలలో ముంచుకునే తెల్ల బ్రెడ్డును కాసేపు పక్కన పెట్టండి. జర్మనీ ఇళ్లలో తినే బ్రెడ్డు చాలావరకు గోధుమ, రై అనే ధాన్యం కలిపి, పులిసిన పిండితో చేసింది. పైన గట్టి పెంకు, లోపల ముదురు రంగు, కొంచెం పులుపు. పొద్దుతిరుగుడు గింజలు, గుమ్మడి గింజలు వేసినవి ఉంటాయి. షాజీరాను పోలిన కుమ్మెల్ గింజలు వేసినవి కూడా ఉంటాయి, కొరికితే బగారన్నం గుర్తుకొస్తుంది. జొన్నరొట్టె లాగే ఇది నమిలి తినాల్సిన తిండి, రెండు ముక్కలకే కడుపు నిలబడుతుంది. అక్కడి బ్రెడ్ ఇన్‌స్టిట్యూట్ పట్టికలో 3,000కు పైగా రకాలున్నాయి. 2014లో తమ దేశ సాంస్కృతిక వారసత్వ జాబితాలో బ్రెడ్డు తయారీని చేర్చుకున్నారు. అంత మురిపెం వాళ్లకు.

మొదటి వారం దవడలు నొప్పి పెడతాయి. రై ఎక్కువున్నది మొదట్లో నచ్చకపోతే గోధుమ ఎక్కువున్నదాంతో మొదలుపెట్టండి. బేకరీలో సగం బ్రెడ్డు కూడా అమ్ముతారు, అడిగితే మిషన్‌లో ముక్కలు కోసిస్తారు.

రాత్రికి వేడి అన్నం ఉండదా? మా అమ్మాయి చల్లటి తిండి తిని పడుకోవాలా?

ఒక తల్లి ఈ ప్రశ్న అడిగినప్పుడు ఆమె మొహంలో టెన్షన్ చూశాను. అందుకే వివరంగా చెబుతాను.

అవునమ్మా, చాలా ఇళ్లలో రాత్రి పొయ్యి వెలిగించరు. వేడి వంట మధ్యాహ్నానిది. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లలో ఇది తారుమారవుతోంది గానీ పాత అలవాటు ఇంకా గట్టిగానే ఉంది. సాయంత్రం ఆరు, ఏడు మధ్యలో బల్ల మీద ఒక్కొక్కరి ముందర అరచేతికన్నా కాస్త పెద్ద చెక్కపలక, ఒక చాకు పెడతారు. నడుమ బ్రెడ్డు బుట్ట, వెన్న, రెండు మూడు రకాల చీజు, మాంసం తినేవాళ్లకు పల్చగా కోసిన సాసేజీ, సీసాలో వెనిగర్ పోసి ఊరబెట్టిన చిన్న దోసకాయలు, టమాటా, ఎర్ర ముల్లంగి. ఎవరిది వాళ్లే చేసుకోవాలి. వెన్నను ముక్క అంచుల దాకా సమంగా రాస్తారు, నడుమ ముద్దగా వదిలేయరు. పైన చీజు, ఆ పైన రెండు ముల్లంగి చక్రాలు, చిటికెడు ఉప్పు. దేశమంతా దీన్ని ఆబెంట్‌బ్రోట్ అంటారు, ష్వాబియాలో ఫెస్పర్ అంటారు.

మొదటి రోజు "ఇంతకీ వంటేది?" అని గంటె కోసం వెతుక్కుంటాం. ఒక్కో ముక్క చేసుకుంటూ, తింటూ, మళ్లీ చేసుకుంటూ ముక్కాలు గంట అయినా కూర్చుంటారు. ఇంట్లో ముచ్చట జరిగేదే ఆ పూట. పిల్లల బడి, రేపటి పని, పక్కింటి సంగతి అన్నీ అక్కడే వినిపిస్తాయి. క్లాసులో రాని జర్మన్ అక్కడ వస్తుంది. అందుకే నేను ప్రతి ఒక్కరికీ చెప్పేది ఇదే: మొదటి నెల రాత్రిపూట గదిలో రైస్ కుక్కర్ పెట్టుకోకండి. అన్నం తినాలనిపిస్తే మధ్యాహ్నం తినండి. ఆ బల్ల దగ్గర మీ కుర్చీ మాత్రం ఖాళీగా ఉండొద్దు.

చేత్తో తినొచ్చా?

ఫెస్పర్‌లో బ్రెడ్డు చేత్తోనే తింటారు. వేడి వంటకు చాకూ ఫోర్కూ. రెండు రోజుల్లో అలవాటవుతుంది, దీనికి పెద్దగా ఆలోచించాల్సింది లేదు.

పప్పు లేకుండా నాకు ముద్ద దిగదు. అక్కడ పప్పు వండుతారా?

వండుతారు! ఈ ప్రశ్న ఎవరడిగినా నాకు హుషారొస్తుంది.

ష్వాబియా ఇళ్లలో రోజువారీ వంటల్లో ముందు చెప్పుకోవాల్సింది లిన్సెన్ మిట్ ష్పెట్స్‌లె. లిన్సెన్ అంటే మసూరే, కాకపోతే పొట్టు తీయని గుండు గింజ. క్యారెట్, ఉల్లిగడ్డ, సెలరీ గడ్డ సన్నగా తరిగి వేయిస్తారు, అందులో గింజలు వేసి ఉడికిస్తారు. మెదపరు, గింజకు గింజ విడిగా ఉండాలి. కొంచెం పిండిని వెన్నలో ఎర్రగా వేయించి చిక్కదనానికి కలుపుతారు. ఆఖరున వెనిగర్ పోస్తారు. అంతటితో ఆగరు, వెనిగర్ సీసా బల్ల మీదికి కూడా వస్తుంది, ఎవరికి చాలినంత వాళ్లు పోసుకుంటారు. పచ్చి పులుసు తాగి పెరిగిన నాలుకకు ఈ పులుపు ఇట్టే పట్టేస్తుంది. కారం లేదన్న సంగతి రెండో గంటె తరువాత గానీ గుర్తుకు రాదు.

ష్పెట్స్‌లె సంగతి కళ్లారా చూడాల్సిందే. మైదా, గుడ్లు, ఉప్పు, కాసిని నీళ్లు కలిపి జారుగా సాగే పిండి చేస్తారు. తడిపిన చెక్కపలక అంచు దగ్గర ఆ పిండిని పల్చగా పరిచి, పొడుగు చాకుతో సన్న పోగులుగా మరుగుతున్న నీళ్లలోకి గీస్తారు. టక్ టక్ టక్ మని పలక మోగుతుంటుంది, ఇంటి పెద్దావిడ చేతికి చూపుతో పనే ఉండదు. పోగు పైకి తేలగానే చిల్లుల గరిటెతో తీసేయాలి. ఇప్పుడు చాలామంది మురుకుల గొట్టం వంటి ప్రెస్సు వాడుతున్నారు. మీకు పలక మీద గీసే అవకాశమొస్తే వదులుకోకండి. మొదట్లో దొడ్డుగా, వంకరగా పడతాయి, ఎవరూ ఏమనుకోరు, తినేస్తారు.

ఈ పప్పు పంట కథ మన పాలమూరు వాళ్లకు దగ్గరగా అనిపిస్తుంది. అక్కడి ష్వేబియన్ ఆల్బ్ అనే ఎత్తు నేల సున్నపురాయి గుట్టలు. వాన నీళ్లు నిలవవు, మట్టి పల్చన, అడుగడుక్కీ రాళ్లు. ఆ నేలలో మసూరు బాగా పండేది. కిందటి శతాబ్దం నడుమకొచ్చేసరికి గిట్టుబాటు కాక మానేశారు, పాత విత్తనాలు కూడా పోయాయి. 1985లో లౌటెరాఖ్ ఊరి రైతు వోల్డెమార్ మామెల్ వేరే రకాలతో మళ్లీ మొదలుపెట్టారు. పాత రకాల గింజలు 2006లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, వావిలోవ్ సంస్థ విత్తన భాండాగారంలో దొరికాయి. ఇప్పుడు ఆల్బ్ లైసా పేరుతో అమ్ముతున్నారు. మసూరు తీగ నిలబడడానికి ఓట్స్‌నో బార్లీనో కలిపి విత్తుతారు, కోత తరువాత మిషన్‌లో వేరు చేస్తారు. జొన్నలో కంది సాలు వేసే ఊరి నుంచి పోయినవాళ్లు ఈ చేను చూస్తే "ఇంత దూరమొచ్చి చూసేది ఇదా" అని నవ్వుకుంటారు.

ఒక్క జాగ్రత్త. ఈ వంటకం మీద సన్న సాసేజీలు పెట్టి వడ్డిస్తారు, కొందరు పప్పులోనే పంది కొవ్వు ముక్కలు వేసి వేయిస్తారు. ముందే చెప్పాలి.

మేం మాంసం తినం. (లేదా: పెద్దకూర తినం. లేదా: హలాల్ మాత్రమే తింటాం.) ఇబ్బంది అవుతుందా?

వెళ్లకముందే రాసి చెప్పండి, వెళ్లాక చెప్పేది కాదు. "వెజిటేరియన్" అంటే ఇప్పుడు అక్కడ అందరికీ అర్థమవుతుంది, వస్తువుల మీద గుర్తులు కూడా ఉంటాయి. తిప్పలన్నీ కంటికి కనపడని వాటితోనే. ష్వాబియా ఆలుగడ్డ సలాడ్‌లో మయొనీస్ వేయరు, వేడి సూప్ పోసి కలుపుతారు. ఆ సూప్ చాలాసార్లు మాంసానిది. ఆకుపచ్చ చిక్కుడు కాయల్లో, క్యాబేజీలో ష్పెక్ అని పంది మాంసం ముక్కలు వేస్తారు. పిల్లలు తినే రబ్బరు చాక్లెట్లలో జెలటిన్ ఉంటుంది, అది ఎక్కువగా పందిదే.

గొడ్డు మాంసం వద్దనేవాళ్లు ఖీమా దగ్గర చూసుకోవాలి. హాక్‌ఫ్లైష్ అని అమ్మేదాంట్లో ఎద్దుదీ, పందిదీ కలిపిన రకమే ఇళ్లలో ఎక్కువ వాడతారు. మౌల్‌టాషెన్ అని పిండిలో కూర పెట్టి ఉడికించేవి ఉన్నాయి, వాటి లోపల మామూలుగా ఈ ఖీమా, పాలకూర ఉంటాయి. ఉపవాస రోజుల్లో దేవుడికి కనపడకుండా మాంసాన్ని పిండిలో దాచారని దాని మీద ఒక కథ చెప్పుకుంటారు. కూరగాయలవి విడిగా దొరుకుతాయి. హలాల్‌కు టర్కీ వాళ్ల దుకాణాలు చిన్న పట్టణాల్లో కూడా ఉంటాయి. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయిలు ఇంటివాళ్లతో మాట్లాడుకుని చికెన్ మాత్రం అక్కడి నుంచి తెచ్చుకుంటారు.

"ఏదైనా పర్వాలేదు" అని మొహమాటానికి అనొద్దు. వాళ్లు దాన్ని నిజమే అనుకుంటారు.

ఇంకొంచెం వేసుకోమని బతిమాలరట, నిజమేనా?

నిజమే. మన దగ్గర "వద్దు వద్దు" అంటూనే గిన్నె దగ్గరికి జరుపుతాం, వడ్డించేవాళ్లకూ అది తెలుసు. అక్కడ మీరు ఒకసారి వద్దంటే గిన్నె అవతలికి పోతుంది. మర్యాద లేక కాదు, మీ మాటకు విలువిచ్చి. ఆకలైతే మొదటిసారే "యా, గెర్నె" (అవును, సంతోషంగా) అనండి. ప్లేట్లో వదిలేయడం కూడా బాగుండదు, కొంచెం కొంచెంగా పెట్టించుకోండి.

అన్నం అసలే వండరా?

వండుతారు గానీ మీరనుకున్నట్టు కాదు. మిల్ష్‌రైస్ అని పొట్టి బియ్యాన్ని పాలలో ఉడికించి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి, ఆపిల్ గుజ్జుతో పెడతారు. పరమాన్నం ఎరిగిన మనకు రుచి కొత్త కాదు. కొత్తేమిటంటే, చాలా ఇళ్లలో మధ్యాహ్నం భోజనం మొత్తం అదే, దాని తరువాత ఇంకేమీ రాదు. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పకుండా ఎదురవుతుంది. "పరమాన్నం అయింది, ఇక అన్నం ఎప్పుడు?" అని ఎదురుచూసి లాభం లేదు, రెండోసారి వేసుకోండి.

అన్నం చోటు అక్కడ ఆలుగడ్డది. దుకాణంలో సంచి మీద ఉడికితే గట్టిగా ఉండే రకమా, పొడి పొడిగా విడిపోయే రకమా అని రాసి ఉంటుంది. సలాడ్‌కు మొదటిది, గుజ్జుకు రెండోది. తొక్కతో ఉడికించిన ఆలుగడ్డ, పక్కన క్వార్క్ అనే చిక్కటి పాల ముద్దలో ఉల్లికాడ కలిపింది, అంతే భోజనం. ఆ క్వార్క్ మీద మన వెల్లుల్లి కారం చల్లుకుని చూడండి.

కారం, తొక్కులు, నెయ్యి తీసుకుపోవచ్చా?

మామిడికాయ తొక్కు, పల్లీల పొడి, నువ్వుల పొడి, సకినాలు, జొన్నపిండి నిక్షేపంగా తీసుకుపోండి. నూనె కారకుండా ప్యాక్ చేయించండి. నెయ్యి, పాలకోవా, చికెన్ తొక్కు, మటన్ తొక్కు పెట్టొద్దు. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సామానులో తేవడం నిషేధం, పట్టుకుంటే పారేస్తారు. పచ్చి కరివేపాకు రెమ్మలకు కూడా మొక్కల ఆరోగ్య పత్రం కావాలి, కనుక ఎండబెట్టి పొడి చేసిపెట్టమని అమ్మకు చెప్పండి.

దుబాయ్ మీదుగా పోయేవాళ్లు గసగసాలు అసలే పెట్టొద్దు, ఆ దేశంలో అవి నిషేధం. తమాషా ఏమిటంటే జర్మనీలో గసగసాలను కిలోల లెక్కన నూరి కేకుల్లో నింపుతారు. మోన్‌కూఖెన్ అంటారు. మన దగ్గర మటన్ కూరలోకి పోయేది అక్కడ తీపిలోకి పోతుంది. నాకైతే ఆ కేకు చాలా ఇష్టం.

తాలింపు వేస్తే వాళ్లకు ఇబ్బందా?

ఎండుమిరపకాయ మాడితే మనకే దగ్గొస్తుంది, వాళ్ల సంగతి చెప్పాలా? చాలా ఇళ్లలో వంటగదికీ హాలుకూ నడుమ గోడ ఉండదు, వాసన సోఫాల దాకా పోతుంది. ముందు అడగండి, కిటికీ తెరవండి, కోట్లు తగిలించిన చోటి తలుపు మూయండి. గాలి ఆడించడం వాళ్లకు చలికాలంలో కూడా రోజూ చేసే పనే, కనుక కిటికీ తెరిస్తే సంతోషిస్తారు.

నల్లా నీళ్లు తాగొచ్చా?

తాగొచ్చు, చాలా ఇళ్లలో తాగేది అవే. మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలకు ఇది నమ్మబుద్ధి కాదు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయినవాళ్లను చూసి పెరిగారు, నల్లా కింద గ్లాసు పెట్టాలంటే జంకుతారు. అక్కడి చట్టం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు, పరీక్షలు కూడా పక్కాగా చేస్తారు. కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది సున్నం, భయపడేది కాదు. దుకాణంలో సీసా కొంటే గ్యాసు లేనిదేనా చూసుకోండి. ఒక్కసారి వాడి పడేసే రకం ఖాళీ ప్లాస్టిక్ సీసా తిరిగి మిషన్‌లో వేస్తే 25 సెంట్లు వెనక్కి వస్తాయి.

ఆదివారం ఏం తినాలి? దుకాణాలు మూసేస్తారట.

శనివారమే కొనుక్కోవాలి. బేకరీలు మాత్రం పొద్దున కొన్ని గంటలు తెరుస్తారు. ఆదివారం పొద్దున చిన్న గుండ్రటి బ్రెడ్లు వేడిగా తేవడానికి పోయేది ఎవరో మీ ఇంట్లో కనుక్కోండి, ఆ పని మీరు తీసుకోండి. సాయంత్రం మూడు, నాలుగింటికి కాఫీ, కేకు. వేసవి చివర్లో అయితే పుల్లటి నల్ల ప్లమ్ పండ్లను పిండి మీద వరసగా పేర్చి కాల్చిన కేకు. అప్పుడు చుట్టాలు కూడా వస్తారు.

ఏ కాలంలో ఏం చూడాలి?

ఏప్రిల్ నుంచి తెల్ల ష్పార్గెల్, అంటే మట్టి కప్పి ఎండ తగలకుండా పెంచిన ఆస్పరాగస్ కాడలు. జూన్ 24తో ఆ కోత ఆపేస్తారు. ఆ రెండు నెలలూ అందరికీ దాని పిచ్చే. నాకు అంత గొప్పగా అనిపించలేదు, చప్పన. జూన్‌లో స్ట్రాబెర్రీలు మాత్రం చేనులోకి పోయి మనమే కోసుకునే చోట్లుంటాయి, పోండి. శరదృతువులో గుమ్మడి సూప్, డిసెంబర్‌లో ఇంటిల్లిపాదీ కూర్చుని చేసే బిస్కెట్లు.

వాళ్లకు మన వంట ఏం వండిపెట్టాలి?

అందరూ చికెన్ బిర్యానీతో మొదలుపెడతారు. పెద్ద పని, ఖర్చు, పైగా అది మనింట్లో రోజూ ఉండేదా? వాళ్లు మీకు మంగళవారం తిండి పెట్టినప్పుడు మీరు కూడా మీ మంగళవారం తిండే పెట్టండి. సర్వపిండి చేయండి. బియ్యప్పిండి ఏషియన్ దుకాణంలో దొరుకుతుంది, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు ఎక్కడైనా ఉంటాయి, నానబెట్టిన శనగపప్పు వేసి, మందపాటి పెనంలో నూనె రాసి వేలితో గుంతలు పెట్టి మూత పెట్టండి. అందులో గోధుమా లేదు, పాలూ గుడ్లూ లేవు, అవి పడనివాళ్లు కూడా తినొచ్చు. పల్లీలు, నువ్వులు పడతాయా అని మాత్రం అడగండి. కారం సగానికి తగ్గించండి. పచ్చి పులుసు వేసవిలో చేయండి, చలికాలంలో చల్లటి చారు ఎందుకని చూస్తారు.

వాళ్ల మామూలు తిండి తొందరగా తెలియాలంటే ఏం చేయాలి?

సంచి పట్టుకుని వెంట పొండి. శనివారం సంతలో ఏ బండి దగ్గర ఆగుతారో, చీజు కొనేముందు రుచి చూపించమని ఎట్లా అడుగుతారో, అక్కడే తెలుస్తుంది. ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఆమె పక్కన ఆలుగడ్డ తొక్క తీయడానికి కూర్చోండి. ఎట్లా వండుతారని అడిగే బదులు, నిన్న మిగిలినదాన్ని ఏం చేస్తారని అడగండి. మిగిలిన ష్పెట్స్‌లెను వెన్నలో ఎర్రగా వేయించి గుడ్డు కొట్టిపోస్తారు. మిగిలిన మౌల్‌టాషెన్‌ను ముక్కలు కోసి అట్లాగే వేయిస్తారు, నిజానికి మొదటి రోజు కన్నా అదే బాగుంటుంది. సద్దన్నంలో చల్ల పోసుకుని ఉల్లిగడ్డ కొరికే ఇంటి సంగతి మీరు చెప్పడం మొదలుపెడితే, ఆమె తన చిన్నప్పటి సంగతులు చెబుతుంది. హోటల్లో ఇవేవీ ఉండవు.

బీరు తాగమంటారా?

అడుగుతారు, వద్దంటే వదిలేస్తారు. ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్ఫెల్‌షోర్లె అడగండి, పిల్లలూ పెద్దలూ అందరూ తాగుతారు.

శనివారం ఒక్కపొద్దు ఉంటాను. వాళ్లకు ఎట్లా చెప్పాలి?

శుక్రవారమే చెప్పండి, ఎందుకంటే ఎంతమందికి ఎంత అని లెక్కగా వండుతారు, వండింది మిగిలితే చిన్నబుచ్చుకుంటారు. ఏ పూట తింటారో, పండ్లు, పాలు తీసుకుంటారో లేదో స్పష్టంగా చెప్పండి. ఈస్టర్ ముందు నలభై రోజులు చాక్లెట్టో, మాంసమో మానేసేవాళ్లు అక్కడ కూడా ఉన్నారు, కనుక వింతగా చూడరు. తినకపోయినా బల్ల దగ్గర కూర్చోండి. టీ పెట్టిస్తారు.